పన్నెండు పాయింట్ నాలుగు

కారు దగ్గినా బాగుండేది. కనీసం మూలిగినా, ప్రాణం ఉందిలే అని వదిన సరిపెట్టుకునేది. తాళం తిప్పితే చడీచప్పుడూ లేదు. డాష్‌బోర్డు మీద ఒక్క దీపం వెలగలేదు. హారన్ నొక్కితే అది కూడా నోరు మెదపలేదు. శుక్రవారం, ఉదయం ఏడు గంటలు. సాయంత్రం నాలుగింటికి ఆమెకు డ్రైవింగు పరీక్ష. ఇదే కారులో.

వదిన అంటే ఆ ఇంట్లో మరిది ఒక్కడికే వదిన కాదు. పాలు పోసే ఆయన దగ్గర్నుంచి పై వాటా ఫొటోగ్రాఫర్ దాకా వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. వయసు నలభై నాలుగు. హైస్కూలు సైన్సు ల్యాబులో అసిస్టెంటు. గాజు గొట్టాలు కడిగి, తీగలు చుట్టి, ప్రయోగానికి కావలసినవన్నీ బల్ల మీద సర్ది, తీరా పిల్లలు వచ్చే వేళకు పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుని నిలబడడం పద్దెనిమిదేళ్లుగా ఆమె ఉద్యోగం. టీచరు స్విచ్చి వేస్తుంది, బల్బు వెలుగుతుంది, పిల్లలు టీచరుకు చప్పట్లు కొడతారు. ఏ తీగ ఎక్కడ తగిలిస్తే ఆ బల్బు వెలిగిందో వదినకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

ఇన్నాళ్లకు ఆమె వంతు వచ్చింది. ల్యాబులు లేని చిన్న బడుల కోసం స్కూలువాళ్లు ఒక సైన్సు వ్యాను తెచ్చారు. రోజుకో బడికి వెళ్లి, పిల్లల ముందు ప్రయోగాలు చేసి చూపించాలి. నడిపే మనిషీ, చూపించే మనిషీ ఒక్కరే. హెడ్‌మిస్ట్రెస్ ముందుగా వదిననే పిలిచి, "సోమవారంలోగా లైసెన్సు తెచ్చుకోండి. లేదంటే ఆఫీసువాళ్లు పంపే డ్రైవర్ని పెట్టుకోక తప్పదు. ఆయనకు యాసిడ్‌కీ నీళ్లకీ తేడా తెలీదు, కానీ లైసెన్సు ఉంది" అంది. వదిన అప్పటికే మూడుసార్లు పరీక్ష తప్పింది. మొదటిసారి కుడికి తిరుగుతూ ఎడమ లైటు వేసింది. రెండోసారి రివర్సులో కర్రను పడగొట్టింది. మూడోసారి గేరు తీయకుండా స్టార్టు చేయబోయి, ఇంజిన్ పలకక, ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసుకునేదాకా తాళంతో కుస్తీ పట్టింది. ఇది నాలుగోది. సోమవారంలోగా ఇంకో తారీఖు దొరికే ప్రసక్తే లేదు. ఇంకో కారులో వెళ్దామన్నా కుదరదు, పరీక్ష చీటీ మీద ఈ కారు నంబరే ఉంది.

ఆమె దిగేసరికి ఇల్లంతా మెట్ల కింద ఉన్న షెడ్డులోకి వచ్చేసింది. ఇల్లంతా అంటే మరో ముగ్గురు. అత్తగారు, మరిది, కాలేజీలో చదివే కూతురు. భర్త దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, ఆదివారం తప్ప ఇంట్లో కనిపించడు.

"తోస్తే స్టార్టవుతుంది" అని మరిది అప్పుడే తీర్పు చెప్పేశాడు. అతను వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడు. ఇంటింటికీ వెళ్లి మాట్లాడీ మాట్లాడీ, ప్రపంచంలో తనకు తెలియనిది లేదన్న నమ్మకం స్థిరపడిపోయింది. వదిన ఏదో అనేలోపే వీధిలోకి పరుగెత్తి ఇస్త్రీ ఆయన్నీ, ఫొటోగ్రాఫర్‌నీ వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురూ చొక్కా చేతులు మడిచారు.

"ఇది గేర్లు వాటంతటవే మారే బండి నాయనా. ఈ వీధి చివరిదాకా కాదు, ఊరి చివరిదాకా తోసినా స్టార్టవదు" అంది వదిన.

ముగ్గురూ చేతులు దించుకున్నారు. ఫొటోగ్రాఫర్ తలగోక్కుని, "పోనీ నా కారుకు వైర్లు కలిపి స్టార్టు చేద్దామా వదినా? ఐదు నిమిషాల పని" అన్నాడు.

"స్టార్టవుతుంది సరే. అక్కడికెళ్లాక ఇన్‌స్పెక్టరు నోట వచ్చే మొదటి మాటేంటో తెలుసా? ఇంజిన్ ఆపండి, మళ్లీ స్టార్టు చేయండి. మూడుసార్లు విన్నాను. మీ కారును అక్కడిదాకా తోకలా కట్టుకుపోలేను కదా."

మెకానిక్‌కు ఫోను చేస్తే, ఆ సైజు కొత్త బ్యాటరీ తన దగ్గర లేదనీ, రేపు సాయంత్రానికి తెప్పిస్తాననీ చల్లగా చెప్పాడు. బస్సులో ఉన్న భర్త, "పోన్లేవే, మళ్లీ వెళ్దువుగాని" అన్నాడు. అది ఓదార్పే. కానీ ఆ మాటకు వదినకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ మళ్లీ అనుకుంటూనే పద్దెనిమిదేళ్లు గోడకు ఆనుకుని నిలబడింది. ఫోను పెట్టేసి చీర కొంగు బిగించింది.

"మరిదీ, రెండేళ్ల కిందట నువ్వొక చార్జరు కొన్నావు చూడు, ఊళ్లో ఎవరి దగ్గరా లేదని పదిమందికి చెప్పుకున్నావు. అదెక్కడుంది?"

అది బీరువా మీద, అట్టపెట్టెలో, కట్టిన రిబ్బను కూడా విప్పకుండా ఉంది. దానిమీద రెండేళ్ల దుమ్ము. మరిది దాన్ని తుడుస్తూ, "అవసరానికి ఉంటుందనే కొన్నా" అని గొప్పలు పోయాడు.

వదిన ముందు కారు బానెట్ ఎత్తి మీటరు పెట్టింది. ల్యాబులో పాతబడిందని తీసేస్తే తెచ్చుకున్న మీటరు అది. నిండు బ్యాటరీ అయితే పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు చూపించాలి. ఇది మూడు పాయింట్ ఎనిమిది చూపించింది. ఆమె "ఊఁ" అని స్పానరు అందుకుంది.

బ్యాటరీని విప్పే పద్ధతి ఆమెకు కొట్టిన పిండి. ముందు నల్ల తీగ, తర్వాతే ఎర్ర తీగ. తలకిందులు చేస్తే స్పానరు కారు ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. తీగలు తగిలించే మొనల చుట్టూ తెల్లగా పొడి పేరుకుపోయి ఉంది. వంటసోడా నీళ్లలో కలిపి పోయగానే ఆ పొడి బుసబుసా పొంగింది. అత్తగారు బుగ్గన వేలేసుకుని, "వంటసోడాకి ఈ పని కూడా వచ్చా!" అంది.

"పిల్లలకు ఏటా చూపించేదే అత్తయ్యా. కాకపోతే గాజు గ్లాసులో చూపిస్తాం."

మరిది బ్యాటరీని వంటగదిలోకి మోసుకుపోబోతే వదిన గట్టిగా అరిచింది. చార్జి ఎక్కేటప్పుడు దాంట్లోంచి వచ్చే గాలికి చిన్న మంట తగిలినా పేలుతుంది. వరండాలో, గాలి ఆడేచోట, పాత చెక్కపలక మీద పెట్టించింది. ఎర్ర క్లిప్పు ప్లస్సుకి, నల్ల క్లిప్పు మైనస్‌కి, ఆ తర్వాతే ప్లగ్గు.

చార్జరు తెర మీద మూడు అడ్డగీతలు వెలిగాయి. ఎర్రదీపం టపటపా కొట్టుకుంది. అంతే.

కూతురు పెట్టెలోని కాగితం తీసి చదివింది. "మూడు గీతలంటే... బ్యాటరీ లేదని అర్థం. కనీసం ఏడున్నర వోల్టులు ఉంటేనే ఇది పనిచేస్తుందట అమ్మా."

"ఇంత బరువు మోసుకొచ్చి ఎదురుగా పెడితే బ్యాటరీ లేదంటుందేమిటి, దానికి కళ్లు లేవా?" అని అత్తగారు చార్జరు మీద విరుచుకుపడింది.

మరిది కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయింది వదినా. బ్యాటరీ పైకి పోయింది. వచ్చే నెల చూసుకుందాం."

వదిన మెట్ల మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు కూడా. సోమవారం ఆ వ్యానులోకి ఎవరో ఎక్కుతాడు. తను చుట్టిన తీగల్నే ఎలా విప్పాలో తెలియక చిక్కుముళ్లు వేస్తాడు. తను మళ్లీ గోడ దగ్గరికే. ఆ ఆలోచనకు ఏడుపు పోయి కోపం వచ్చింది. కోపం వస్తే ఆమె బుర్ర పాదరసంలా పనిచేస్తుంది.

"దీనికి ప్రాణం పోలేదు" అంది లేచి. "చార్జరు నమ్మడం లేదు, అంతే. దానికి వోల్టులు కనిపించాలి. ఇంకో బ్యాటరీని చూపిస్తే నమ్ముతుంది. మరిదీ, నీ బైకు బ్యాటరీ పన్నెండు వోల్టులదే కదా?"

మరిది గుడ్లు తేలేశాడు. "నా బైకా? పదింటికి నేను ముగ్గురు కస్టమర్ల దగ్గరికి వెళ్లాలి!"

"పావుగంట అప్పివ్వు. తిరిగి పెట్టే పూచీ నాది."

"ఏమన్నా అయితే?"

అత్తగారు కొడుకు వైపు ఒక్క చూపు చూసింది. మరిది స్పానరు పట్టుకుని బైకు దగ్గరికి నడిచాడు.

కారు డిక్కీలో భర్త ఎప్పుడూ ఉంచే మందపాటి వైర్లు తీసి, వదిన ప్లగ్గు పీకి, కళ్లకు ల్యాబు కళ్లద్దాలు పెట్టుకుంది. బైకు బ్యాటరీ ప్లస్సును కారు బ్యాటరీ ప్లస్సుకి, మైనస్‌ను మైనస్‌కి కలిపింది. చివరి క్లిప్పు తగిలేటప్పుడు చిటుక్కుమని చిన్న రవ్వ లేచింది. మరిది రెండడుగులు వెనక్కి గెంతాడు. ఆమె మాత్రం ప్లగ్గు పెట్టింది.

మూడు గీతలు పోయాయి. అంకెలు వచ్చాయి. చార్జరు లోపలి చిన్న ఫ్యాను గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది.

"ఎక్కుతోంది!" అని కూతురు కేక వేసింది. వీధిలో ఇస్త్రీ ఆయన పెట్టె వదిలేసి గేటు దగ్గరికి వచ్చాడు.

పావుగంట తర్వాత వదిన బైకు బ్యాటరీని విడదీసింది. ఇప్పుడు చార్జరు తనంతట తాను నమ్మాలి. ఫ్యాను ఒక్క క్షణం ఆగింది. ఫ్యాను మళ్లీ గుర్రుమంది. తెర మీద పది పాయింట్ తొమ్మిది. వదిన నేలమీద చతికిలబడి, చిన్నపిల్లలా పకపకా నవ్వింది. టైము ఎనిమిదిన్నర.

"ఇక మనం చేసేదేం లేదు. మూడింటిదాకా దీని జోలికి ఎవరూ పోకూడదు" అంది.

అత్తగారు కుర్చీ తెచ్చుకుని చార్జరు ఎదురుగా బైఠాయించింది. ఆవిడ కాపలా అంటే ఆషామాషీ కాదు. పిల్లిని తరిమింది. తుడవడానికి వచ్చిన పనిమనిషిని అటునుంచి అటే పంపేసింది. బైకు బ్యాటరీ బిగించుకుని పనిమీద పోతున్న కొడుకును, మూడింటికల్లా ఇంట్లో ఉండకపోతే ఊరుకోనని హెచ్చరించింది. పది నిమిషాలకోసారి తెర మీది అంకె పైకి చదివి వినిపించింది. పదకొండు పాయింట్ ఎనిమిది వచ్చినప్పుడు గేటు బయట ఇస్త్రీ ఆయన భేష్ అన్నాడు.

వదిన మాత్రం కారులోకి దూరింది. అసలు ఇదెలా జరిగిందో తేల్చుకోకపోతే ఆమెకు మనసు కుదురుగా ఉండదు. సోమవారం మరిదితో ప్రాక్టీసు చేసి వచ్చినప్పుడు కారు నిక్షేపంగా ఉంది. మంగళవారం నుంచి రోడ్డు మీదికే తీయలేదు. ఆమె తల ఎత్తి కప్పులోని లైటు చూసింది. దాని స్విచ్చి వేసి ఉంది.

ఆ ఇంటి సంగతి తెలిస్తే గానీ ఇది అర్థం కాదు. మూడు గదుల్లో ఐదుగురు. తలుపు వేసుకుని కూర్చోవడానికి చోటు లేదు. అందుకని ఎవరికైనా కాసేపు ఏకాంతం కావాలంటే కారులోకి వెళ్లి కూర్చుంటారు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఇంట్లో నడవా చీకటి. బాత్రూము లైటైనా, మెట్ల లైటైనా వాడుకున్నవాళ్లు ఆర్పరు. వెనక వచ్చేవాళ్లు తడుముకోకూడదని అలాగే వదిలేస్తారు. ఆర్పితే మర్యాద కాదు.

"కారులో లైటు ఎవరు వేశారు?" అని అడిగింది వదిన వరండాలోకి వచ్చి.

"నేను బుధవారం చదువుకోడానికి వెళ్లాను. అప్పటికే వేసుంది. తర్వాత ఎవరైనా వస్తారని ఉంచేశా" అంది కూతురు. మరిది మంగళవారం రాత్రి భోజనాలయ్యాక గంటసేపు అందులో ఎవరితోనో గుసగుసలాడిన సంగతి కూడా ఆ పిల్లే బయటపెట్టింది. వదినకు అప్పుడు గుర్తొచ్చింది. గురువారం పొద్దున్న తనే అందులో కూర్చుని, అద్దాలు సర్దుకుంటూ, కుడి ఎడమలు వల్లె వేసుకుంది. లైటు వెలుగుతూనే ఉంది, కాస్త మసగ్గా. వెనక వచ్చేవాళ్లకు ఉంటుందిలే అని తనూ దిగిపోయింది. బ్యాటరీల గురించి పాఠం చెప్పబోయే మనిషి!

అత్తగారు తెర మీంచి చూపు తిప్పకుండా, "మొదట వేసింది నేనే" అంది మెల్లగా.

"మీరా అత్తయ్యా?"

"మంగళవారం పొద్దున. చెల్లెలికి ఫోను చేద్దామని వెళ్లా. నంబరు కనబడక లైటు వేశా."

"ఇంట్లో చేయొచ్చుగా?"

"నీ ముందు ఎలా చేస్తాను?" అని అత్తగారు చిరాకు పడింది. "నీ గురించే మాట్లాడాను మరి. మా కోడలు సైన్సు వ్యాను నడపబోతోంది, వందమంది పిల్లలకు పాఠం చెప్పబోతోంది అని చెప్పా. ఈసారి తప్పకుండా పాసవుతుందని కూడా చెప్పా. అది నమ్మలేదు. నమ్మేదాకా ఫోను పెట్టలేదు, గంటంబావు పట్టింది." ఆవిడ అప్పుడు కోడలి వైపు తిరిగింది. "అంతా చెప్పి చివరికి నీ నోటికాడ కూడు నేనే తీసేశాను తల్లీ."

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అత్తగారు ఆమెను ఎదురుగా మెచ్చుకున్నది లేదు. వదిన కుర్చీ పక్కన కూలబడి, ఆ ముసలి చెయ్యి పట్టుకుంది. సంతోషంతో ఆమె గుండె నిండిపోయింది. "అంకె చదవండి అత్తయ్యా" అంది.

"పన్నెండు పాయింట్ ఒకటి."

మధ్యాహ్నం మూడింటికి ప్లగ్గు తీశారు. కాసేపు ఆగి మీటరు పెడితే పన్నెండు పాయింట్ నాలుగు. నిండుగా లేదు, కానీ చాలు. బ్యాటరీని మళ్లీ కారులో పెట్టి బిగించారు, ఈసారి ముందు ఎర్ర తీగ, తర్వాత నల్ల తీగ. వదిన సీట్లో కూర్చుని తాళం తిప్పింది. కారు ఒక్క ఉదుటున మేలుకుంది. ఇస్త్రీ ఆయన చప్పట్లు కొట్టాడు. చెప్పిన టైముకే ఇంటికి చేరిన మరిది పక్క సీట్లో కూర్చున్నాడు, లైసెన్సు ఉన్నవాడు పక్కన ఉండాలని రూలు. అత్తగారు ఎవరూ పిలవకుండానే వెనక సీటెక్కింది.

పరీక్ష మైదానం దగ్గర పన్నెండు కార్లు వరసలో ఉన్నాయి. గేటు దగ్గర కాపలాదారు ఒక్కో కారు దగ్గరికీ వచ్చి, "ఇంజిన్ ఆపండి. వరసలో అందరూ ఆపాలి" అంటున్నాడు.

మరిది వదిన వైపు వంగాడు. "ఆపకండి వదినా. ఏదో ఒకటి చెబుదాం. మళ్లీ స్టార్టు కాకపోతే కొంప మునుగుతుంది."

వదిన తాళం వైపు చూసింది. పొద్దుటి ఆ నిశ్శబ్దం గుర్తొచ్చింది. ఆరున్నర గంటలు ఎక్కింది. మొనలు శుభ్రంగా ఉన్నాయి. తీగలు తన చేత్తోనే బిగించింది. లెక్క తప్పడానికి లేదు. "నేను ఎక్కించిన చార్జి నాయనా అది. నేనే నమ్మకపోతే ఎలా?" అని తాళం వెనక్కి తిప్పింది. ఇంజిన్ ఆగిపోయింది.

నలభై నిమిషాలు పట్టింది వంతు రావడానికి. మరిదీ, అత్తగారూ దిగి బెంచీ మీద కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు కాగితాల అట్ట పట్టుకుని పక్క సీట్లోకి ఎక్కి, తలెత్తి చూసి, నిట్టూర్చాడు.

"మళ్లీ మీరేనా అమ్మా?"

"మళ్లీ నేనే సార్."

"సరే. స్టార్టు చేయండి."

వదిన గేరు చూసుకుంది. బ్రేకు మీద కాలు పెట్టింది. తాళం తిప్పింది. కారు గట్టిగా, నిస్సంకోచంగా, వరసలో ఉన్న వాళ్లందరికీ వినబడేలా స్టార్టయింది. బెంచీ మీంచి అత్తగారు లేచి నిలబడి, పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడ భుజం కుదిపేసి, "మాదే, మాదే!" అంది.

ఆ తర్వాత వదినకు భయమన్నదే తెలియలేదు. పొద్దున్న ఏడు నుంచి ఆమె దాటివచ్చిన వాటితో పోలిస్తే మైదానంలో పాతిన కర్రలు ఒక లెక్కా? కుడికి తిరిగితే కుడి లైటే వెలిగింది. గుట్ట ఎక్కుతూ మధ్యలో ఆగి, అంగుళం వెనక్కి జారకుండా ముందుకు కదిలింది. రివర్సులో రెండు కర్రల మధ్యకు కారును మెల్లగా దూర్చి, సరిగ్గా మధ్యలో ఆపింది. ఇన్‌స్పెక్టరు దిగి, వెనక్కి వెళ్లి, ఒకసారి అటూ ఇటూ చూసి, అట్ట మీది కాగితానికి ముద్ర గుద్దాడు. ఆ చప్పుడు ఆమె చెవులకు చప్పట్లలాగే వినిపించింది.

"పాసయ్యారు. ఈ కాగితం చూపించి సోమవారం నుంచి నడుపుకోవచ్చు. ఏం చేశారమ్మా ఈసారి, ఇంత ధైర్యం వచ్చింది?"

"బ్యాటరీ చార్జి చేశాను సార్" అంది వదిన.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. మరిది పరుగెత్తుకొచ్చాడు. అత్తగారు అప్పటికే చెల్లెలికి ఫోను కలిపేసింది. ఈసారి దాక్కోవడానికి కారు అక్కర్లేకపోయింది, మైదానమంతా వినబడేలా చెబుతోంది. వదిన కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, తడి కళ్లు తుడుచుకుని, హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోను చేసింది. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. అవతల "హలో" వినబడేసరికి వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"మేడమ్" అంది. "వ్యాను తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"